ఐటీఐకి వెళ్తే చదువు ఆగిపోయినట్టేనా?

వాడరేవు ఒడ్డున బోటు ఇంజన్ ఒక్క రోజు మొరాయించిందంటే ఆ రోజు వేట పోయినట్టే. సముద్రం పక్కన మెకానిక్‌కు ఉండే విలువే వేరు. ఇంజన్ చప్పుడు విని రోగం ఎక్కడుందో చెప్పగలిగేవాళ్లు వాడరేవులోనూ ఉన్నారు, ఆరేడు కిలోమీటర్ల దూరంలోని చీరాల షెడ్లలోనూ ఉన్నారు. చిన్న వయసులోనే బడి మానేసి, ఉస్తాద్ పక్కన నిలబడి పానాలు అందిస్తూ, చీవాట్లు తింటూ పని పట్టినవాళ్లు వీళ్లలో చాలామంది. పని వచ్చు. పని వచ్చని చెప్పే కాగితం మాత్రం చేతిలో లేదు.

ఆ కాగితం విలువ ఎంతో 2019లో బాగా తెలిసొచ్చింది. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు సచివాలయాల కోసం లక్షకు పైగా ఉద్యోగాలకు ఒకేసారి నోటిఫికేషన్ ఇచ్చింది. ఊళ్లో కరెంటు పనులు చూసే ఎనర్జీ అసిస్టెంట్ పోస్టుకు ఐటీఐలో ఎలక్ట్రికల్ ట్రేడ్ గానీ, ఇంటర్ ఒకేషనల్‌లో ఎలక్ట్రికల్ కోర్సు గానీ అడిగారు. స్తంభం ఎక్కి చూపించాలి, సైకిల్ తొక్కాలి, మీటర్ రీడింగ్ తీయాలి అన్నారు. ఫిషరీస్ అసిస్టెంట్ పోస్టుకేమో ఫిషరీస్‌లో పాలిటెక్నిక్ డిప్లొమానో, ఒకేషనల్ ఇంటరో, డిగ్రీనో ఉండాలన్నారు. ఇరవై ఏళ్లుగా స్తంభాలెక్కుతున్న మనిషికి, పుట్టినప్పటి నుంచి సముద్రం మీద బతుకుతున్న మనిషికి ఈ కాగితాల్లో ఏదీ లేకపోతే దరఖాస్తు పెట్టే వీలు కూడా లేదు. రెండేళ్ల కోర్సు పూర్తిచేసిన కుర్రాడికి ఉంది. ఇది న్యాయమా అన్నది వేరే చర్చ. రూలు మాత్రం అలాగే ఉంది, రేపు వచ్చే నోటిఫికేషన్లలోనూ అలాగే ఉంటుంది.

అయినా పదో తరగతి ఫలితాలు రాగానే చాలా ఇళ్లలో రెండే మాటలు వినిపిస్తాయి. మార్కులు వస్తే అప్పు చేసైనా ఎంపీసీ. రాకపోతే షాపులోకో, షెడ్డులోకో. ఈ రెండింటికీ మధ్య ఉన్న ఐటీఐ, పాలిటెక్నిక్, ఒకేషనల్ ఇంటర్ అనే మూడు దారుల గురించి అడిగితే "అది చదువు రానివాళ్లకు కదా" అనేస్తారు. అక్కడికి వెళ్తే ఇక కాలేజీ మొహం చూడక్కర్లేదన్న నమ్మకం బలంగా ఉంది. ఆ నమ్మకం తప్పు.

లెక్క వేసి చూడండి. పది తర్వాత ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు, మొత్తం ఆరు. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరితే అక్కడ మూడేళ్లు, మొత్తం మళ్లీ ఆరే. ఐటీఐలో రెండేళ్లు, బ్రిడ్జి కోర్సు చేసి ప్రవేశ పరీక్ష దాటి డిప్లొమా రెండో ఏడాదిలో చేరితే అక్కడ రెండేళ్లు, ఆపై బీటెక్‌లో మూడేళ్లు, మొత్తం ఏడు. అందరూ చిన్నచూపు చూసే ఐటీఐ దారిలో వెళ్లినా తేడా ఒక్క ఏడాదే. కాగితం మీద వేసినంత తేలిగ్గా అందరూ ఇలా దాటలేరు. సీట్లు పరిమితం, ట్రేడ్‌కు తగిన బ్రాంచి దొరకాలి, లెక్కల్లో పట్టుండాలి. కానీ దీనిలో ఇంకో లాభం ఉంది. ఇంట్లో డబ్బు అయిపోయో, తండ్రికి జబ్బు చేసో బీటెక్ రెండో ఏడాదిలో ఆగిపోయిన పిల్లవాడి చేతిలో మిగిలేది ఇంటర్ మెమో ఒక్కటే. అదే పరిస్థితి ఐటీఐ, డిప్లొమా మీదుగా వెళ్లినవాడికి వస్తే, అప్పటిదాకా దాటిన ప్రతి మెట్టుకూ ఒక సర్టిఫికెట్ ఉంటుంది. నెలనెలా సంపాదనతో నడిచే కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

షెడ్డుకూ ఐటీఐకీ తేడా ఏమిటి?

ఐటీఐలు నడిచే క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ పథకం 1950లో మొదలైంది. వెల్డర్, డీజిల్ మెకానిక్, కంప్యూటర్ ఆపరేటర్ (కోపా) ఒక్క ఏడాది కోర్సులు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, ఏసీ-రిఫ్రిజిరేషన్ రెండేళ్లు. చాలా ట్రేడ్లకు పది పాసవ్వాలి, వెల్డర్, వైర్‌మన్ వంటివాటికి ఎనిమిది చాలు. 14 ఏళ్లు నిండాలి. పై వయసుకు పరిమితి లేదు, ముప్పై దాటిన మెకానిక్ కూడా చేరొచ్చు. ప్రవేశ పరీక్ష ఉండదు, మార్కుల మెరిట్ చూసి సీటిస్తారు.

లోపల ఏం నేర్పుతారన్నది అసలు సంగతి. ఫిట్టర్ ట్రేడ్‌లో చేరిన పిల్లవాడి చేతికి మొదట్లోనే ఒక ఇనుప ముక్క, ఒక ఆకురాయి ఇస్తారు. ఆ ముక్కను నాలుగు వైపులా చదునుగా, మూలలు సరిగ్గా తొంభై డిగ్రీలు వచ్చేలా అరగదీయాలి. మూలమట్టం పెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తారు. సందులోంచి వెలుగు కనబడిందా, మళ్లీ మొదలు. చేతులు బొబ్బలెక్కుతాయి, విసుగొస్తుంది, ఇంటికొచ్చి "ఇదేం చదువు" అని మొత్తుకునే పిల్లలూ ఉంటారు. కానీ అక్కడ నేర్పుతున్నది అరగదీయడం కాదు, కొలత. ఆ తర్వాత వెర్నియర్ కాలిపర్ చేతికొస్తుంది, మిల్లీమీటరులో యాభయ్యో వంతు దాకా చదవడం వస్తుంది. డ్రాయింగ్ కాగితం చూసి వస్తువు ఎలా ఉండాలో ఊహించడం వస్తుంది. షెడ్డులో ఉస్తాద్ "కొంచెం బిగించు" అంటాడు. ఫ్యాక్టరీలో "కొంచెం" అనే మాట నడవదు, ఎంత అన్నది డ్రాయింగ్‌లో రాసి ఉంటుంది. కంపెనీలు ఐటీఐ సర్టిఫికెట్ అడగడానికి పెద్ద కారణం ఇదే.

ఎలక్ట్రీషియన్ ట్రేడ్ సంగతీ అంతే. ఏ వైరు ఎక్కడ కలపాలో బయట ఎవరైనా నేర్పుతారు. ఎందుకు కలపాలి, ఎంత లోడుకు ఎంత మందం వైరు, ఎర్తింగ్ లేకపోతే ఏమవుతుంది, ఇన్సులేషన్ పాడైందో లేదో మెగ్గర్‌తో ఎలా చూడాలి, ఇవి ఐటీఐలో వస్తాయి. తడి నేల మీద పనిచేసే తీరప్రాంతంలో ఈ తేడా ఒక్కోసారి ప్రాణాల మీదికి వస్తుంది. చివర్లో దేశమంతటికీ ఒకే ట్రేడ్ పరీక్ష, పాసైతే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్. అది చీరాలలో ఎంత చెల్లుతుందో చెన్నైలోనూ అంతే చెల్లుతుంది.

ఐటీఐలో రానివీ ఉన్నాయి. పని వేగం, కస్టమర్‌తో మాట, బేరం, అర్ధరాత్రి ఫోనొస్తే పెట్టె సర్దుకుని వెళ్లడం, ఇవి ఉస్తాద్ దగ్గరే వస్తాయి. పొద్దున ఐటీఐ, సాయంత్రం మామూ షెడ్డు అన్నట్టుగా రెండూ నడిపించే కుర్రాళ్లకు తిరుగుండదు.

ఐటీఐ అయ్యాక చాలామంది వదిలేసే మెట్టు అప్రెంటిస్‌షిప్. 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం ప్రకారం సంస్థలు శిక్షణకు తీసుకుని స్టైపెండ్ ఇవ్వాలి. 2019 సవరణలో ఐటీఐ పాసైనవారికి కనీసం నెలకు 7,000 రూపాయలు, డిప్లొమా చేసినవారికి 8,000, డిగ్రీవారికి 9,000 అని పెట్టారు. ఆర్టీసీ తన డిపోల్లో డీజిల్ మెకానిక్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ వంటి ట్రేడ్లలో అప్రెంటిస్‌లను తీసుకుంటుంది. దక్షిణ మధ్య రైల్వే అయితే విజయవాడ దగ్గరి వ్యాగన్ వర్క్‌షాపులోనూ తీసుకుంటుంది, అదీ రాత పరీక్ష లేకుండా, పది, ఐటీఐ మార్కుల సగటు చూసి. రైల్వేలో అప్రెంటిస్ పూర్తిచేసినవారికి లెవెల్-1 పోస్టుల్లో 20 శాతం విడిగా ఉంచుతారు. అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు పదో తరగతితో పాటు నిర్దేశించిన ట్రేడ్లలో ఐటీఐ ఉంటే చాలు. ఇవన్నీ తెలియక సర్టిఫికెట్ బీరువాలో పెట్టుకుని కూర్చున్న ఇళ్లున్నాయి.

ట్రేడ్ ఎంచుకునేటప్పుడు పక్కింటి అబ్బాయి ఏం చదివాడో కాక, చుట్టుపక్కల ఏ పని నడుస్తోందో చూడటం మంచిది. గుంటూరు చుట్టూ మిర్చి టిక్కీలు దాచే కోల్డ్ స్టోరేజీలు ఎన్నున్నాయో ఆ దారిలో వెళ్లేవాళ్లకు తెలుసు. వాటిని చల్లగా ఉంచేవి అమ్మోనియా కంప్రెసర్లు. అమ్మోనియా లీకైతే ఊపిరాడదు, తెలియనివాడు చేయి పెట్టే పని కాదు. రిఫ్రిజిరేషన్ ట్రేడ్ చదివినవాడికి అక్కడా పని ఉంది, చేపలు, రొయ్యలు నిల్వచేసే తీరంలోనూ పని ఉంది. ఈ పత్తి నేలల్లోనే దూదేకుల కుటుంబాల అనుభవం కూడా కళ్ల ముందు ఉంది. తరతరాలుగా విల్లుతో దూది ఏకి, పరుపులు కుట్టి బతికిన చేతులవి. ఏకే యంత్రం వచ్చింది, రెడీమేడ్ పరుపు వచ్చింది, విల్లు మూలన పడింది. ఆ యంత్రాన్ని నడిపే, బాగుచేసే చదువు ఆ రోజు ఎవరూ ఆ ఇళ్లకు చేర్చలేదు.

గల్ఫ్ ఆలోచన ఉన్న ఇళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. పది పాసైతే పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరం లేని ఈసీఎన్ఆర్ హోదా వస్తుంది. సౌదీ అరేబియా ఇప్పుడు ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్, ఏసీ టెక్నీషియన్ వంటి పనులకు నైపుణ్య పరీక్ష పెట్టి మరీ తీసుకుంటోంది. హెల్పర్ వీసాకూ టెక్నీషియన్ వీసాకూ జీతంలో ఎంత తేడా ఉంటుందో అక్కడ పనిచేసి వచ్చినవాళ్లను అడిగితే చెబుతారు.

సముద్రానికీ ఒక సర్టిఫికెట్

వాడరేవు పిల్లలకు, చీరాల పిల్లలకు తప్పక తెలియాల్సిన సంస్థ సిఫ్‌నెట్. కేంద్ర ప్రభుత్వం 1963లో కొచ్చిలో పెట్టింది. చెన్నైలో, విశాఖపట్నంలో దీనికి శాఖలున్నాయి. పది పాసై, లెక్కల్లో, సైన్స్‌లో కనీస మార్కులున్నవారికి ఇక్కడ రెండు కోర్సులు ఉన్నాయి. వెసల్ నావిగేటర్ కోర్సులో చేపల నౌకను నడపడం, మెరైన్ ఫిట్టర్ కోర్సులో దాని ఇంజన్ చూసుకోవడం నేర్పుతారు. రెండూ ఐటీఐ స్థాయి ట్రేడ్లే. ఆ తర్వాత నిర్ణీత కాలం సముద్రం మీద పనిచేస్తే, మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్ పెట్టే పరీక్షలు రాసి ఫిషింగ్ వెసల్ మేట్ గానో, ఇంజన్ డ్రైవర్ గానో అర్హత తెచ్చుకోవచ్చు. తండ్రి వెంట బోటెక్కి నేర్చుకున్న విద్యకు ప్రభుత్వ ముద్ర పడే దారి ఇది. చీరాల షెడ్లలో డీజిల్ ఇంజన్లతో పెరిగిన పిల్లవాడికి మెరైన్ ఫిట్టర్ ఏమంత పరాయి విద్య కాదు.

చేపల పెంపకం వైపు మొగ్గు ఉంటే కృష్ణా జిల్లా భావదేవరపల్లిలో ఫిషరీస్ పాలిటెక్నిక్ ఉంది, పది తర్వాత రెండేళ్ల డిప్లొమా. మగ్గం ఇళ్లవాళ్లకు వెంకటగిరిలో చేనేత సాంకేతిక సంస్థ ఉంది, మూడేళ్ల డిప్లొమా. ఆ సంస్థకు పెట్టిన పేరు చీరాల ఎమ్మెల్యేగా పనిచేసిన ప్రగడ కోటయ్యది. ఆ సంగతి చీరాలలోనే చాలామందికి తెలియదు.

పాలిటెక్నిక్, ఆ తర్వాతి గోడ

పాలిటెక్నిక్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, పాలిసెట్ పేరు అందరూ విన్నదే. 120 మార్కుల పరీక్షలో లెక్కలు 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30, అన్నీ పదో తరగతి పాఠాలే. ఒంగోలు, గుంటూరుల్లో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లున్నాయి, గుంటూరులో అమ్మాయిలకు విడిగా ఒకటుంది. కోర్సు చివర్లో దాదాపు ఆరు నెలలు పరిశ్రమలో శిక్షణ ఉంటుంది. దీన్ని మొక్కుబడిగా, తెలిసినవాళ్ల కంపెనీలో సంతకాలు పెట్టించుకుని ముగించేవాళ్లు తమ కాళ్లను తామే నరుక్కుంటున్నారు. మొదటి ఉద్యోగం దొరికేది చాలాసార్లు ఆ ఆరు నెలల్లోని పరిచయాలతోనే.

కాలేజీ వైపు వెళ్లేవాళ్లకు గోడ ఈసెట్. 200 మార్కుల్లో ఇంజనీరింగ్ సబ్జెక్టు 100, మిగతా సగంలో లెక్కలే 50. డిప్లొమా పిల్లలు వర్క్‌షాపులో రాణించి లెక్కల దగ్గర జారిపోతారు. అది మొదటి ఏడాది లెక్కల పేపర్‌ను "సప్లిమెంటరీలో చూసుకుందాం" అనుకున్న రోజే మొదలవుతుంది.

అమ్మాయిల విషయంలో ఒకేషనల్ ఇంటర్

దూరం పంపడానికి ఇంట్లో ఒప్పుకోని అమ్మాయిలకు దగ్గరి జూనియర్ కాలేజీలో ఒకేషనల్ కోర్సు ఉంటే అది అచ్చంగా సరిపోతుంది. మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్, మల్టీపర్పస్ హెల్త్ వర్కర్, అకౌంటింగ్ అండ్ టాక్సేషన్, ఫిషరీస్, కంప్యూటర్, గార్మెంట్ కోర్సులు వేర్వేరు కాలేజీల్లో ఉన్నాయి. అకౌంటింగ్ చదివిన అమ్మాయి ఇంటర్ నుంచే లెడ్జర్, పన్నుల లెక్కలు పట్టుకుని బీకాంకు వెళ్తుంది. డిగ్రీ మొదటి ఏడాదిలో డెబిట్, క్రెడిట్ తిరగేసి రాసే తోటివాళ్లకంటే ముందుంటుంది. బట్టల కొట్టు, కిరాణా హోల్‌సేల్ నడిపే ఇళ్లలో అలాంటి కూతురు ఉంటే జీఎస్టీ రిటర్ను కోసం ఆడిటర్ చుట్టూ తిరిగే పని సగం తగ్గుతుంది.

రెండు జాగ్రత్తలు. హెల్త్ వర్కర్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల్లో రెండేళ్ల చదువుతో పని అయిపోదు. ఆసుపత్రిలో ఏడాది క్లినికల్ శిక్షణ, ఆపై సంబంధిత కౌన్సిల్‌లోనో బోర్డులోనో రిజిస్ట్రేషన్ ఉంటేనే ఉద్యోగానికి పనికొస్తుంది. రెండోది బ్రిడ్జి కోర్సు. ఒకేషనల్ పిల్లలు తర్వాత ఇంజనీరింగ్, నర్సింగ్ వంటి వాటికి వెళ్లాలనుకుంటే ఇంటర్ బోర్డు పెట్టే బ్రిడ్జి కోర్సు పేపర్లు కూడా పాసవ్వాలి. ఆ ఫీజు కట్టే గడువు దాటిపోయాక తెలిస్తే ఏడాది పోయినట్టే. చేరిన రోజే ప్రిన్సిపాల్‌ను ఈ ఒక్క ప్రశ్న అడగండి.

మదర్సాలో చదివిన పిల్లల సంగతి

2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఈ సమస్యను సూటిగా పట్టుకుంది. మదర్సాలో చదివిన పిల్లలు సాంకేతిక కోర్సులకు అర్హత లేక బయట నిలబడిపోతున్నారని, వారికీ అర్హత కల్పించాలని చెప్పింది. హిఫ్జ్ పూర్తిచేసిన పదిహేను, పదహారేళ్ల పిల్లవాడికి నిజానికి దారి మూసుకుపోలేదు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్ఐఓఎస్) ద్వారా గానీ, 1991 నుంచి ఉన్న రాష్ట్ర ఓపెన్ స్కూల్ ద్వారా గానీ పదో తరగతి పరీక్ష రాసి ఐటీఐకి, పాలిటెక్నిక్‌కు రావచ్చు. ఖురాన్ మొత్తం కంఠస్థం చేయగలిగిన జ్ఞాపకశక్తికి సోషల్, సైన్స్ పాఠాలు భారం కావు. ఇబ్బంది పెట్టేది లెక్కలు, దానికి ఏడాది ముందు నుంచే ట్యూషన్ పెట్టించాలి.

ఉర్దూలో చదివినవారికి ఇంకో తలుపు ఉంది. హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీకి పాలిటెక్నిక్‌లున్నాయి, వాటిలో ఒకటి కడపలో ఉంది. ఉర్దూ మీడియంలోనో, ఉర్దూ ఒక సబ్జెక్టుగానో చదివి ఉండాలి.

ఐటీఐ చేసినవారికి 2016లో ఇంకో వెసులుబాటు వచ్చింది. కేంద్ర శిక్షణ విభాగానికీ ఎన్ఐఓఎస్‌కూ కుదిరిన ఒప్పందం ప్రకారం, పది తర్వాత రెండేళ్ల ఐటీఐ చేసినవారు ఎన్ఐఓఎస్‌లో నిర్దేశించిన పేపర్లు రాస్తే ఇంటర్‌తో సమానమైన సర్టిఫికెట్ వస్తుంది. డిగ్రీకి అది చాలు. ఎనిమిదితో ఐటీఐ చేసినవారు ఇలాగే పదో తరగతి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు.

కాగితాలు ముందే

దూదేకుల, నూర్‌బాషా, లద్దాఫ్, పింజారీ కుటుంబాలు బీసీ-బీ కిందికి వస్తాయి. షేక్, ఖురేషీ, అత్తరు సాయిబులు, ఫకీరు, లబ్బీ వంటి వర్గాలకు 2007 చట్టం కింద బీసీ-ఈలో 4 శాతం ఉంది. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలు ఇందులో లేవు, ఆదాయం పరిమితిలో ఉంటే వారు ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. బీసీ-ఈ రాష్ట్ర జాబితా. దూదేకుల పేరు కేంద్ర ఓబీసీ జాబితాలోనూ ఉంది కానీ, బీసీ-ఈ వర్గాలు చాలావరకు అందులో లేవు. షేక్ కుర్రాడు పాలిసెట్‌కు బీసీ-ఈ సర్టిఫికెట్ పెడతాడు, అదే కుర్రాడు రైల్వే పోస్టుకు ఓబీసీ అని నింపితే సర్టిఫికెట్ల పరిశీలనలో ఆగిపోతాడు. అక్కడ ఈడబ్ల్యూఎస్ చూసుకోవాలి. సర్టిఫికెట్‌లో పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. షేక్ ముందుందా వెనకుందా, మహమ్మద్‌ను పొడుగ్గా రాశారా పొట్టిగా రాశారా అన్న చోటే ఎక్కువ తిప్పలు వస్తాయి. ఫలితాలు రాకముందే సచివాలయంలో దరఖాస్తు పెట్టుకుంటే కౌన్సెలింగ్ రోజు పరుగులు తప్పుతాయి.

ప్రైవేటు ఐటీఐలో చేర్చే ముందు ఫీజు అడగడం ఒక్కటే సరిపోదు. అఫిలియేషన్ ఆ సంస్థకు ఉందా అన్నది కాక, మీరు చేర్చే ట్రేడ్‌కు ఉందా అని అడగండి. వర్క్‌షాపు తలుపు తీయించి చూడండి. లేత్ మిషన్ దగ్గర ఇనుప రజను రాలి ఉంటే అక్కడ పని జరుగుతున్నట్టు. మిషన్ మీద దుమ్ము, మీద పాత కుర్చీలు కనబడితే జరగనట్టు. "రోజూ రానక్కర్లేదు, పరీక్షకు వస్తే చాలు" అని ఎవరైనా అంటే, అది సౌకర్యం అనుకోకండి, అక్కడి నుంచి వచ్చేయండి. చివరగా, గేటు బయట నిలబడి రెండో ఏడాది పిల్లవాడిని ఎవరినైనా పిలిచి ఈ నెలలో ఏం చేశావని అడగండి. ఆ పిల్లవాడు చేతులతో గాల్లో గీస్తూ చెప్పడం మొదలుపెడితే సీటు తీసుకోవచ్చు.